యూనివర్సిటీ చూసుకుంటుందిలే అని ఆగకండి

పీహెచ్‌డీ ముగించి అమెరికాలో పోస్ట్‌డాక్‌గానో, అసిస్టెంట్ ప్రొఫెసర్‌గానో చేరిన మనవాళ్లు తరచూ అనే మాట: "గ్రీన్‌కార్డు ఎలాగూ యూనివర్సిటీ చేయిస్తుందిగా, అప్పుడే తొందరేముంది?" పుట్టింది ఇండియాలో అయితే తొందర ఉంది.

ఉద్యోగాల కోటాలో ఏడాదికి ఇచ్చేవి సుమారు 1,40,000 గ్రీన్‌కార్డులు. భార్యాపిల్లల కార్డులు కూడా అందులోంచే. ఏ ఒక్క దేశంలో పుట్టినవాళ్లకూ 7 శాతానికి మించి ఇవ్వరనేది మామూలు నియమం. అందుకే ఈబీ-2లో (ప్రధానంగా పీజీ, ఆపై చదువు ఉన్నవాళ్ల కేటగిరీ) మన క్యూ పదేళ్లు దాటింది. దానికంటే పై కేటగిరీ అయిన ఈబీ-1లోనూ క్యూ ఉంది కానీ అంతకంటే చాలా చిన్నది. ఈ క్యూలో మీ వంతు ఎప్పుడో చెప్పేది ప్రయారిటీ డేట్. ఈ కోటాలో గ్రీన్‌కార్డుకు వేసే పిటిషన్ (ఐ-140) ఒకసారి అప్రూవ్ అయితే, మోసం లాంటి కారణాలతో రద్దయితే తప్ప, ఆ తేదీ మీదే. యూనివర్సిటీ మారినా, ఈబీ-2 నుంచి ఈబీ-1కి వెళ్లినా కొత్త ఐ-140కి పాత తేదీనే పెట్టుకోవచ్చు. కాబట్టి ముందు ఒక తేదీ సంపాదించండి. మంచి కేటగిరీ తర్వాత వెతుక్కోవచ్చు.

ఆ తేదీకి పరిశోధకులకు దగ్గర దారి ఈబీ-2లోని నేషనల్ ఇంటరెస్ట్ వేవర్, అందరూ ఎన్‌ఐడబ్ల్యూ అనేది. దీనికి ఉద్యోగమిచ్చేవాళ్లు అక్కర్లేదు, మీ పిటిషన్ మీరే వేసుకోవచ్చు. ధనసార్ అనే ఏరోస్పేస్ పరిశోధకుడి కేసులో 2016లో వచ్చిన నిర్ణయం ప్రకారం మూడు చూస్తారు: మీరు తలపెట్టిన పనికి విలువ, దేశస్థాయి ప్రాధాన్యం ఉన్నాయా, దాన్ని ముందుకు తీసుకెళ్లే సత్తా మీకుందా, లేబర్ సర్టిఫికేషన్ (ఆ ఉద్యోగానికి తగిన అమెరికన్ దొరకలేదని ప్రభుత్వం ఇచ్చే ధ్రువీకరణ) మినహాయించి మీకు ఇవ్వడం అమెరికాకు మేలేనా. మనవాళ్లు ఎక్కువగా తడబడేది మొదటిదాని దగ్గరే. "కేన్సర్ పరిశోధన ముఖ్యమైనది" అంటే చాలదు. ఆ రంగంలో మీరు చేయబోయే పని ఏమిటో, దాని ఫలితం మీ ల్యాబ్ గోడలు దాటి ఎవరికి అందుతుందో రాయాలి.

ఈబీ-1బీ ప్రొఫెసర్లు, పరిశోధకుల కోసమే పెట్టింది. కనీసం మూడేళ్ల బోధన లేదా పరిశోధన అనుభవం, అంతర్జాతీయ గుర్తింపు, ఆరు రకాల ఆధారాల్లో కనీసం రెండు ఉండాలి. పిటిషన్ వేయాల్సింది యూనివర్సిటీ. ఉద్యోగం టెన్యూర్ (శాశ్వత ప్రొఫెసర్ పదవి), టెన్యూర్ ట్రాక్ (ఆ పదవికి దారితీసేది) లేదా గడువు తేదీ లేని శాశ్వత పరిశోధన ఉద్యోగం అయ్యుండాలి. ఏడాదికో, రెండేళ్లకో రెన్యూ చేసే పోస్ట్‌డాక్ మామూలుగా ఇందులోకి రాదు. ఆఫర్ లెటర్‌లో ఆ ఒక్క వాక్యం ఎలా ఉందో సంతకం పెట్టకముందే చదవండి. గ్రీన్‌కార్డు ఎప్పుడు మొదలుపెడతారో కూడా అప్పుడే అడగండి. అడగడానికి మొహమాటపడకండి, ఇక్కడ అది మామూలు ప్రశ్నే.

టీచింగ్ ఉద్యోగమైతే ఇంకో దారి, స్పెషల్ హ్యాండ్లింగ్ పర్మ్. పర్మ్ అంటే పైన చెప్పిన లేబర్ సర్టిఫికేషన్ తెచ్చుకునే ప్రక్రియ. మామూలు పర్మ్‌లో కనీస అర్హత ఉన్న అమెరికన్ ఒక్కరు దొరికినా కేసు ఆగిపోతుంది. ఇందులో వచ్చినవాళ్లందరిలో మీరే ఎక్కువ అర్హులని చూపిస్తే చాలు. అయితే మిమ్మల్ని ఎంపిక చేసిన 18 నెలల లోపు దరఖాస్తు పడాలి. డిపార్ట్‌మెంట్‌కు ఈ గడువు గుర్తుండదు, మీరే గుర్తుచేయాలి.

అసాధారణ ప్రతిభ ఉన్నవాళ్లకు ఇచ్చే ఈబీ-1ఏకి పది ప్రమాణాల్లో మూడు చూపిస్తే పాసైనట్టేనని అనుకుంటారు. అది మొదటి మెట్టు మాత్రమే. తర్వాత మొత్తం ఫైలు చూసి, రంగంలో పైస్థాయికి చేరిన కొద్దిమందిలో మీరు ఒకరా అని తేలుస్తారు. దీన్నీ మీరే వేసుకోవచ్చు కాబట్టి, ఎన్‌ఐడబ్ల్యూతో తేదీ సంపాదించి, సైటేషన్లు (మీ పేపర్లను ఇతరులు ఉటంకించిన సంఖ్య) పెరిగాక ఇందులోకి మారడం మనవాళ్లకు బాగా కలిసొచ్చే పద్ధతి.

ఏ దారైనా ఫైలుకు బలం సిఫార్సు ఉత్తరాలే. మీ గైడు "ఇతను మహా తెలివైనవాడు" అని మూడు పేజీలు రాసినా పెద్దగా పనిచేయదు. మీతో ఎప్పుడూ కలిసి పనిచేయని ప్రొఫెసర్ "ఈ పేపర్ చూశాక మా ల్యాబ్‌లో శాంపిల్ తయారుచేసే పద్ధతి మార్చుకున్నాం" అని రాసిన ఒక్క పేరా దానికంటే ఎక్కువ పనిచేస్తుంది. మీ పేపర్‌ను ఎవరైనా నిజంగా వాడుకున్నారని తెలిసిన రోజే వాళ్ల పేరు రాసిపెట్టుకోండి. జర్నల్‌కు రివ్యూ చేసినప్పుడు వచ్చే థాంక్యూ ఈమెయిల్ కూడా డిలీట్ చేయకండి. ఇతరుల పనిని అంచనా వేశారనడానికి అదే ఆధారం.

యూనివర్సిటీల హెచ్-1బీకి లాటరీ లేదు కానీ ఆరేళ్ల పరిమితి ఉంది. ఐ-140 అప్రూవై, మీ తేదీకి ఇంకా వంతు రాకపోతే ఒకేసారి మూడేళ్ల చొప్పున పొడిగిస్తారు. మీరు స్వయంగా వేసుకున్న ఎన్‌ఐడబ్ల్యూ ఐ-140కీ ఇది వర్తిస్తుంది.

ఎఫ్-1 (విద్యార్థి వీసా), జే-1 (ఎక్స్ఛేంజ్ వీసా) మీద ఉన్నవాళ్లు మాత్రం కొంచెం ఆగి ఆలోచించండి. ఐ-140 వేస్తే ఇక్కడే స్థిరపడాలనుకుంటున్నట్టు లెక్క, తర్వాత వీసా స్టాంపింగ్‌కు వెళ్తే కష్టం కావచ్చు. ఇండియా ప్రయాణం ఉంటే ముందు అది ముగించుకోండి, లేదా హెచ్-1బీకి మారాక వేయండి. జే-1 వాళ్లు రెండేళ్లు స్వదేశంలో ఉండాలనే షరతు తమకు వర్తిస్తుందో లేదో చూసుకోవాలి. 2024 డిసెంబరులో ఆ షరతు ఏ దేశాల, ఏ నైపుణ్యాలవాళ్లకు వర్తిస్తుందో చెప్పే స్కిల్స్ లిస్ట్ నుంచి ఇండియాను తీసేశారు. అయినా ప్రభుత్వ నిధులతో వచ్చినవాళ్లకు, ఇక్కడ వైద్య శిక్షణకు వచ్చిన డాక్టర్లకు ఆ షరతు ఇంకా ఉంది. యూనివర్సిటీ లాయరు మొదట చూసుకునేది యూనివర్సిటీ తరఫునే. ఇలాంటి విషయాల్లో ఒక గంటకైనా సరే సొంత లాయరుకు ఫీజు కట్టి మాట్లాడండి.