యురేనస్ ఆర్డరు ముందు పెట్టాలి: ఒక స్పేర్ పార్ట్స్ కొట్టు లెక్క

ప్రశ్న: సౌర కుటుంబాన్ని అన్వేషించడంలో రాబోయే ముప్పై నలభై ఏళ్లకి ఏది ముందు, ఏది తర్వాత అన్నది ఎలా నిర్ణయించాలి? మీరైతే దేన్ని మొదట పెడతారు?

యురేనస్‌ని. చంద్రుడో అంగారకుడో చెబుతాననుకుని వచ్చినవాళ్లకి ముందే చెప్పేస్తున్నాను.

నేను సైంటిస్టుని కాదండి. నెల్లూరులో ట్రాక్టర్ స్పేర్ పార్ట్స్ కొట్టు నడుపుతాను. ఏ సామాను ముందు తెప్పించాలి, ఏది తర్వాత అన్న లెక్కలోనే పాతికేళ్లు గడిచాయి. కొత్తగా కొట్టు పెట్టినవాడు ఎక్కువగా అమ్ముడుపోయే సరుకుతో ర్యాకులు నింపుతాడు. ఫిల్టర్లు, బెల్టులు, ఆయిల్ సీళ్లు. అవన్నీ ఫోన్ చేస్తే సాయంత్రానికి బస్సులో వచ్చేవే. తీరా నాట్ల టైముకి ఒక రైతు వచ్చి, ఆర్డరు పెట్టిన నెలన్నరకి గానీ రాని గేరు అడుగుతాడు. అప్పుడు ఫోన్ తీసి ఏం లాభం? ఆ గేరు వచ్చేలోపు ఆయన పక్క ఊరి బండి బాడుగకి తెచ్చుకుని నాట్లు వేసేసుకుంటాడు. ఆలస్యంగా వచ్చేదాన్ని ముందు రాసుకోవాలని ఇలాంటివి నాలుగు దెబ్బలు తిన్నాకే తెలిసింది.

ఇదే లెక్క ఆకాశానికి కూడా పనికొస్తుందని తట్టింది మాత్రం 2019 జులై 15న, తెల్లవారుజామున, శ్రీహరికోటలో.

చంద్రయాన్-2 ప్రయోగం 2 గంటల 51 నిమిషాలకి. జనం కూర్చుని చూడటానికి ఆ ఏడు మార్చి ఆఖర్లోనే అక్కడ గ్యాలరీ తెరిచారు, ఐదు వేల మంది పడతారు. ఆన్‌లైన్‌లో పేర్లు రాయించుకుని నేను, మా నాయన, మా వాడు బయల్దేరాం. నాయనకి అప్పుడు 71, మా వాడికి 11. "అర్ధరాత్రి పిల్లోడినీ ముసలాయన్నీ ఏసుకుని ఏంది మీకు ఈ తిరుగుడు" అని ఇంట్లో గొడవ. గొడవ పడుతూనే పులిహోర కట్టిచ్చింది, అది వేరే సంగతి. సాయంత్రం సూళ్లూరుపేటలో చెంగాళమ్మకి దణ్ణం పెట్టుకున్నాం. రాకెట్ ఎగిరే ముందు ఇస్రో పెద్దలే వచ్చి మొక్కే అమ్మవారు, మనమెంత. అక్కణ్ణుంచి పులికాట్ సరస్సు మధ్యలో వేసిన రోడ్డు మీద శ్రీహరికోటకి. రెండు పక్కలా చీకటి, అద్దం దించితే ఉప్పు వాసన. మేము మాట్లాడుకున్న కారు డ్రైవరు దారి పొడుగునా వెయిటింగ్ చార్జీ గురించే మాట్లాడాడు. చంద్రుడి దాకా వెళ్లే బండి కూడా అంత బేరం ఆడి ఉండదు.

గ్యాలరీలో దోమలు, చంటిపిల్లల ఏడుపులు, ఎవరో తెచ్చిన మిరపకాయ బజ్జీల వాసన. పెద్ద తెర మీద అంకెలు తగ్గుతున్నాయి. రెండు రోజుల్లో గురు పౌర్ణమి, అందుకని చంద్రుడు దాదాపు నిండుగా ఉన్నాడు, మబ్బుల సందున పడమటికి వాలుతున్నాడు. "అదిగో తాతా, అక్కడికే" అని మా వాడు పన్నెండింటి దాకా అందరికీ చూపించి, తర్వాత నా ఒళ్లో పడి నిద్రపోయాడు. నాయన మాత్రం తుండు మెడకి చుట్టుకుని రెప్ప వేయకుండా కూర్చున్నాడు.

రెండు కావస్తుండగా అంకెలు ఆగిపోయాయి. 56 నిమిషాల 24 సెకన్లు. అక్కడే.

తెర హ్యాంగ్ అయిందనుకున్నాం. ముందు వరసలో కుర్రాళ్లు ఈలలు వేశారు. అయిదు నిమిషాలు, పది నిమిషాలు. ఈలలు ఆగిపోయాయి. అంతమంది జనంలో అంత నిశ్శబ్దం నేను శవం లేచే ఇంట్లో కూడా చూడలేదు. తర్వాత మైకులో చెప్పారు: సాంకేతిక లోపం కనిపించింది, ఈ రోజుకి ప్రయోగం లేదు. మా వాడిని లేపితే కళ్లు నులుముకుంటూ "వెళ్లిపోయిందా?" అన్నాడు. ఏం చెప్పాలి? నాయన చెప్పాడు: "లేదు నాయనా, బండి స్టార్ట్ చేయకముందే లీకు చూసుకున్నారు. మంచి మెకానిక్కులు." పక్కనున్నాయన మాత్రం తల పట్టుకుని "ఇంకేముంది, మళ్లీ ఏడాది ఆగాలి" అన్నాడు.

బయటికి వచ్చాక టీ బండి దగ్గర 'ఏడాది ఆగాలి' అన్న మాటే మళ్లీ మళ్లీ వినిపించింది. అప్పుడొక అమ్మాయి, ఇంజనీరింగ్ చదువుతున్నట్టుంది, విసుగ్గా అంది: "ఏడాది ఎందుకు సార్, చంద్రుడు నెలకోసారి తిరిగొస్తాడు కదా. అంగారకుడికి అయితే ఇరవై ఆరు నెలలు ఆగాలి." టీ చల్లారిపోయిందని నాకు గుర్తుంది. ఎందుకంటే ఆ మాట వినగానే నాకు నా ర్యాకులు కనిపించాయి.

ఆమె అన్నట్టే అయింది. సరిగ్గా వారానికి, జులై 22న మధ్యాహ్నం 2 గంటల 43 నిమిషాలకి ఎగిరింది. చంద్రుడి చుట్టూ తిరిగే రోజులు కుదించుకుని, దిగే తేదీ కూడా దాదాపు మారకుండా సర్దుకున్నారు. నేను దాన్ని కొట్లో ఫోన్‌లో చూశాను, ఎదురుగా ఒకాయన బేరింగ్ నంబరు చెబుతుంటే. మా వాడికి ఆ రోజు స్కూలు. ఇప్పటికీ ఆ పాపం నాదే. ల్యాండర్ దిగలేకపోవడం, 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగడం మీకు తెలిసినవే.

కాబట్టి నా వరస ఎవరు గొప్ప అన్నదాని మీద ఉండదు. చంద్రుడు పక్క వీధి సరుకు. శుక్రుడికి దారి 19 నెలలకోసారి తెరుచుకుంటుంది, అంగారకుడికి 26 నెలలకోసారి. ఈ ఏడు తప్పితే రెండేళ్లకి, అదీ తప్పితే నాలుగేళ్లకి. కొంప మునగదు. యురేనస్‌కి బరువైన నౌక పంపాలంటే గురుడి పక్కగా పోయి, దాని ఆకర్షణతో ఊపు తీసుకుని వెళ్లడం మేలు. గురుడు, యురేనస్ మళ్లీ అదే వరసలోకి రావడానికి దాదాపు 14 ఏళ్లు. ప్రయాణం ఇంకో 13 ఏళ్లు. నెలన్నర గేరు అంటే ఇదీ.

అమెరికావాళ్లు పదేళ్లకోసారి ఈ వరస తేల్చడానికి పెద్ద పుస్తకమే వేస్తారు. అక్కడి జాతీయ అకాడమీలు శాస్త్రవేత్తల్ని కూర్చోబెట్టి వాదింపజేస్తాయి. 2011లో వేసిన దాంట్లో పెద్ద మిషన్లలో యురేనస్‌ది మూడో చోటు. మొదటిది అంగారకుడి రాళ్లు తెచ్చే పని, రెండోది గురుడి ఉపగ్రహం యూరోపా. 2022 ఏప్రిల్‌లో వచ్చిన పుస్తకంలో యురేనస్ కొత్త పెద్ద మిషన్లలో మొదటికొచ్చింది, దాని తర్వాత శని ఉపగ్రహం ఎన్సెలాడస్. 2031లోనో 2032లోనో బయల్దేరితే 2040ల మధ్యకి చేరుతుందని లెక్క వేశారు. ఇప్పుడు డబ్బు విదిలిస్తున్న తీరు చూస్తే ఆ తేదీ అందేలా లేదు.

ఆ పుస్తకంలో నాకు నచ్చింది మొదటి నంబరు కూడా కాదు. డబ్బు తగ్గితే ఏది వాయిదా వేయాలి, దేన్ని ముట్టుకోకూడదు అని కూడా రాసిపెట్టుకుంటారు. మన పెళ్లిళ్లలో ఈ కాగితం ఒక్కటి ఉంటే సగం అప్పులు తగ్గేవి.

పుస్తకం ఉన్నంత మాత్రాన అన్నీ సవ్యంగా జరుగుతాయని కాదు. అంగారకుడి రాళ్లే చూడండి. నాసా పంపిన పర్సెవరెన్స్ రోవర్ 2021 ఫిబ్రవరిలో అక్కడ దిగి, ట్యూబుల్లో రాళ్లు నింపి, పది ట్యూబులు ఒకచోట నేల మీద వరసగా పెట్టింది కూడా. తీసుకొచ్చే బండి మాత్రం లేదు. ఖర్చు 1,100 కోట్ల డాలర్లు అవుతుంది, 2040 దాకా రావు అని తేలేసరికి 2024లో నాసాయే ఇది కుదరదంది. సరుకు ప్యాక్ చేసి గుమ్మంలో పెట్టాక లారీ మాట్లాడలేదని గుర్తొచ్చినట్టుంది వ్యవహారం. మా కొట్లో కుర్రాడు ఇలా చేస్తే ఆ రోజుకి టిఫిన్ ఉండదు.

యురేనస్ దగ్గర అంత ఏముందని అడుగుతారు. నిజమే, నవగ్రహాల్లో దానికి చోటు లేదు. ఎవరూ ప్రదక్షిణ చేయరు, ఎవరి జాతకమూ దానివల్ల పాడవదు. 1781లో హెర్షెల్ టెలిస్కోపులో పడేదాకా అది గ్రహమనే ఎవరికీ తెలియదు. కానీ మనకి దాంతో చుట్టరికం ఉంది. 1977 మార్చి 10న యురేనస్ ఒక నక్షత్రానికి అడ్డం వచ్చినప్పుడు, నక్షత్రం ముందూ వెనకా మిణుకుమిణుకుమనడం చూసి దానికి వలయాలున్నాయని కనిపెట్టారు. అమెరికావాళ్లు విమానంలో పెట్టిన టెలిస్కోపుతో చూశారు. అదే రాత్రి తమిళనాడులోని కావలూరులో మనవాళ్లు కూడా ఆ మిణుకు పట్టుకున్నారు. ఆ అబ్జర్వేటరీ పెట్టిన వేణు బాపు హైదరాబాదులో నిజాం కాలేజీలో చదువుకున్నవాడు.

తర్వాత 1986 జనవరి 24న అమెరికా నౌక వాయేజర్-2 యురేనస్ పక్కగా దూసుకెళ్లింది, మేఘాలకి 81,500 కిలోమీటర్ల దూరంలో. నాకు అప్పుడు పన్నెండేళ్లు. నాకు గుర్తున్నది మాత్రం నాలుగు రోజుల తర్వాత అమెరికా స్పేస్ షటిల్ ఛాలెంజర్ పేలిపోయి ఏడుగురు చనిపోయిన ఫోటో. యురేనస్ ఆ పొగలో కలిసిపోయింది. అప్పటి నుంచి ఇంకో నౌక ఏదీ అటు వెళ్లలేదు. వేరే నక్షత్రాల చుట్టూ ఇప్పుడు దొరుకుతున్న గ్రహాల్లో భూమికీ నెప్ట్యూన్‌కీ మధ్య సైజువే చాలా ఎక్కువ. ఆ పెద్ద సైజు రకం మన ఇంట్లో రెండు ఉంటే, రెంటినీ ఒక్కోసారి, అదీ రోడ్డు మీద వెళ్తూ వెళ్తూ చూశాం.

ఇంకో ముఖ్యమైన సంగతి. యురేనస్ పక్కకి పడుకుని దొర్లుతుంది. సూర్యుడి చుట్టూ తిరగడానికి దానికి 84 ఏళ్లు, అంటే ఒక మనిషి సహస్ర చంద్ర దర్శనం చేసుకునేంత కాలం. అందుకని దాని ఒక్కో ధ్రువం నలభై ఏళ్లు వెలుగులో, నలభై ఏళ్లు చీకట్లో ఉంటుంది. వాయేజర్ వెళ్లినప్పుడు దక్షిణం వైపు ఎండ. దాని ఉపగ్రహాల ఉత్తర భాగాలు ఎలా ఉంటాయో చూసినవాళ్లు లేరు. ఇప్పుడు ఉత్తరం వైపు ఎండ కాస్తోంది. 2050 దగ్గరికి వచ్చేసరికి అది మళ్లీ వాలిపోయి, వాయేజర్ చూసిన వైపుకే ఎండ తిరుగుతుంది. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమని మనవాళ్లు ఊరికే అనలేదు. అంగారకుడు ఎక్కడికీ పోడు. ఈ వెలుతురు పోతుంది.

ఇక మన సంగతి. 2024 సెప్టెంబరులో కేంద్రం చంద్రయాన్-4కి 2,104 కోట్లు, శుక్రుడి మిషన్‌కి 1,236 కోట్లు ఇచ్చింది. శుక్రుడికి 2028 మార్చిలో అన్నారు. ఒకప్పుడు 2023 అన్నారు, సరే. 2035కి మన సొంత అంతరిక్ష స్టేషన్, 2040కి చంద్రుడి మీద మనవాడు. అన్నీ బాగున్నాయి. కానీ ఇవన్నీ ప్రకటనల్లో వినిపిస్తాయి. ఇది ముందెందుకు, అది తర్వాతెందుకు అని మనవాళ్లు కొట్లాడుకున్న కాగితం నా చేతికి రావాలి. తెలుగులో వస్తే కొట్లో గోడకి అంటిస్తాను. టీవీ వాళ్ల సంగతి ఇక వదిలేయండి. ఒక రాకెట్ ఎగిరితే పాకిస్తాన్‌కి ఎన్ని మార్కులు, చైనాకి ఎన్ని మార్కులు అని రాత్రంతా లెక్కలే.

నన్ను అడిగితే ఇండియా చేయాల్సిన మొదటి ఆర్డరు గ్రహం కూడా కాదు, కరెంటు. యురేనస్ దగ్గర ఎండ మన దగ్గరి ఎండలో దాదాపు 370వ వంతు. సోలార్ పలకలు అక్కడ ఉత్సవ విగ్రహాలు. రేడియోధార్మిక పదార్థం వేడితో నడిచే కరెంటు పెట్టె కావాలి, అది ఒక్క రోజులో తయారయ్యేది కాదు. చంద్రయాన్-3లో ల్యాండర్‌ని చంద్రుడి దాకా మోసిన ప్రొపల్షన్ మాడ్యూల్‌లో అలా వేడినిచ్చే చిన్న పరికరాలు రెండు, ఒక్కోటి ఒక వాట్‌వి, పరీక్షగా పంపారు. ఒక్క వాట్ అంటే నవ్వకండి. మంగళయాన్ తీసుకెళ్లిన పరికరాలన్నీ కలిపి 15 కిలోలే, ఆరు నెలలకని పంపితే ఎనిమిదేళ్లు పలికింది. ఆ పెట్టె ఇప్పుడు మొదలుపెడితే, ఎవరి నౌకలోనో మన పరికరం ఒకటి యురేనస్ దాకా పోవచ్చు. అప్పుడు మొదలుపెడదాంలే అంటే నా దగ్గరికి నాట్ల రోజున వచ్చిన రైతు కథే.

2045లో యురేనస్ నౌక అక్కడికి చేరితే నాకు 71. ఆ రాత్రి గ్యాలరీలో నాయనకున్న వయసు. మా వాడు ఇప్పుడు ఇంటర్. ఇదంతా రాసి వాడికి చూపిస్తే, మొదటి నుంచి చివరిదాకా చదివి, "ఇందులో ప్లూటో లేదేంది నాన్నా?" అన్నాడు. స్టాకు పుస్తకంలో చివరి పేజీలో రాసి పెట్టానని చెప్పాను. నమ్మలేదు.