స్నిగ్ధత తగ్గితే ద్రావణం పలచబడినట్టేనా?

సందేహం: కరిగించిన సెల్యులోజ్‌ నుంచి పోగులు తీసే పద్ధతిపై పాఠం రాస్తున్నాను. ద్రావణాన్ని స్పిన్నరెట్ అనే సన్నని రంధ్రాల పలక గుండా తోసి పోగులు తీస్తారు. "స్పిన్నరెట్ రంధ్రంలో వేగంగా పోయేటప్పుడు ద్రావణం పలచబడుతుంది" అని రాస్తే సహరచయిత ఒప్పుకోలేదు. చిక్కదనం, గాఢత, సాంద్రత, స్నిగ్ధత – వీటిలో ఏది వాడాలి?

సమాధానం: ఆ అభ్యంతరం సరైనదే. పలచబడిందంటే ద్రావణి ఎక్కువైందనే ఎవరైనా అనుకుంటారు. ఇక్కడ కొత్తగా ఏమీ కలవదు. సెల్యులోజ్‌ను నేరుగా కరిగించి పోగులు తీసే లయోసెల్ పద్ధతిలో ఎన్‌ఎంఎంఓ (సెల్యులోజ్‌ను కరిగించే రసాయనం), నీరు కలిసిన ద్రావణిలో సెల్యులోజ్ సుమారు 10–15 శాతం ఉంటుంది. రంధ్రం బయట ఎంత ఉందో లోపలా అంతే, అంటే గాఢత మారదు. చిక్కుపడి ఉన్న పొడవాటి అణువులు ఆ ఇరుకులో ప్రవాహ దిశకు తిరుగుతాయి, చిక్కులు వీడతాయి, ప్రవాహానికి అడ్డు, అంటే స్నిగ్ధత, తగ్గుతుంది. కాబట్టి "గాఢత మారకుండానే స్నిగ్ధత తగ్గుతుంది" అని రాయండి. సాంద్రత అంటే ఘనపరిమాణానికి ఎంత ద్రవ్యరాశి అన్నది; దానికి ఇక్కడ పనిలేదు. చిక్కదనం వాడుకలో గాఢతకూ స్నిగ్ధతకూ చెల్లుతుంది కనుక ఈ పాఠంలో వద్దు.

ఎందుకు తగ్గిందో కూడా క్రియలోనే తెలియాలి. ఇది ముఖ్యం. వేడి పెంచితే స్నిగ్ధత తగ్గుతుంది, వేడి తగ్గిస్తే మళ్లీ పెరుగుతుంది. ద్రావణం ఎక్కువసేపు వేడిలో నిలిచినా, ఇనుము, రాగి అయాన్లు తగిలినా సెల్యులోజ్ గొలుసులే తెగుతాయి. ఆ స్నిగ్ధత ఇక తిరిగి రాదు. అందుకే గొలుసులు తెగకుండా కాపాడే ప్రొపైల్ గాలేట్ వంటి స్థిరీకారిని కలుపుతారు. మొదటిదానికి "తగ్గింది" అనండి, రెండోదానికి "క్షీణించింది" అనండి. రెంటికీ ఒకే మాట వాడితే, పాడైన ద్రావణాన్ని చూసి కూడా చదువరి "ఉష్ణోగ్రత కాస్త ఎక్కువైందంతే" అనుకుంటాడు. ఈ పొరపాటు ప్రమాదకరం: అదే పరిస్థితుల్లో ఎన్‌ఎంఎంఓ కూడా విడిపోతుంది, ఆ విఘటనం అదుపు తప్పితే పేలుడు దాకా పోగలదు.

జిగట అంటే చేతికి అంటుకునే గుణం, స్నిగ్ధతకు బదులుగా వాడకండి. రంధ్రం దాటాక గాలిలో లాగినప్పుడు తెగకుండా రావడాన్ని "తీగ సాగడం" అనవచ్చు. స్నిగ్ధత ఎక్కువున్నంత మాత్రాన తీగ సాగదు. కరగని ముక్కలుంటే పోగు అక్కడే తెగుతుంది. రంధ్రం దాటగానే ద్రావణం లావెక్కడాన్ని "ఉబ్బడం" అనండి. వ్యాకోచం అంటే వేడికి పెరగడమనుకుంటారు. ఈ ఉబ్బడం మాత్రం ద్రావణపు స్థితిస్థాపకత (సాగాక తిరిగి ముడుచుకునే గుణం) వల్ల వచ్చేది.

సెల్యులోజ్ పోగులు తీసే మరో పద్ధతి అయిన విస్కోస్‌లో ఉక్కు గోళీ ద్రావణంలో నిర్ణీత దూరం దిగే సమయాన్ని సెకన్లలో కొలుస్తారు. దాన్ని "స్నిగ్ధత 50 సెకన్లు" అని కాక "గోళీ పతన కాలం 50 సెకన్లు" అని రాయండి. స్నిగ్ధతకు ప్రమాణం పాస్కల్-సెకన్.