పదసూచిక కట్టబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి అత్తయ్య దీవించి రాయునది.

కోడునూ దాని వివరణనూ కలిపి ముక్కలు ముక్కలుగా రాసే లిటరేట్ ప్రోగ్రామింగ్ పద్ధతిలో రాసిన నీ ప్రోగ్రాముకు, ఆ పద్ధతికి వాడే నోవెబ్ అనే సాధనంతో, ఏ పేరు ఏ ముక్కలో ఉందో చూపే పదసూచిక కట్టబోతున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. గర్వపడ్డాను, ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

నోవెబ్‌లో ముద్రణ ప్రతి తయారుచేసే నోవీవ్‌కు ఇండెక్స్ ఆప్షన్ ఇవ్వడం, నిర్వచించిన పేర్లను ఆయా కోడ్ ముక్కల చివర డెఫ్ వరుసలో రాయడం నీకు తెలిసినవే. ఈ పద్ధతికి ఆద్యుడైన కంప్యూటర్ శాస్త్రవేత్త క్నూత్ 1984లో లోకానికి వివరించిన ‘వెబ్’ అనే సాధనానికి పాస్కల్ భాష తెలుసు కనుక అది పేర్లను తానే ఏరుకునేది, ఒంటి అక్షరపు పేర్లను నిర్వచించిన చోట మాత్రమే చూపేది. నోవెబ్ ఏ ఒక్క భాషకూ కట్టుబడదు. డెఫ్ వరుసలో నీవు చెప్పిన పేరు ఏ ముక్కలో కనబడినా, అది కామెంటులోనిదైనా, అదే పేరున్న వేరే వేరియబుల్ అయినా, వాడుక కిందే జమకడుతుంది.

నేను మునిగింది అక్కడే. జీతాల ప్రోగ్రాములో కరువుభత్యపు శాతానికి ‘రేట్’ అని పేరు పెట్టాను. అప్పుల మీద వడ్డీకీ అదే పేరు. శాతాన్ని పూర్ణాంకం నుంచి దశాంశానికి మార్చవలసి వచ్చిన రోజున సూచిక ముద్రించుకుని కూర్చుంటే, ‘రేట్’ ఎదురుగా పదకొండు ముక్కలు వరుసగా ఉన్నాయి. ఒక్కొక్కటీ తెరిచి చూస్తుంటే వడ్డీ, వడ్డీ, కామెంటు, మళ్లీ వడ్డీ. విసుగొచ్చి, మిగిలిన వాటిని తెరవకుండానే వడ్డీవే అనుకుని పెన్సిలుతో కొట్టేశాను. కొట్టేసిన వాటిలో 31బి అనే ముక్క కరువుభత్యపు బకాయిల లెక్క. అది దశాంశాన్ని వదిలేసి పాత పద్ధతిలోనే కట్టింది. మా అటెండరు జీతపు చీటీ తెచ్చి, వేళ్ల మీద లెక్కపెట్టి చూపించి, ‘ముప్పై ఎనిమిది రూపాయలు తగ్గాయమ్మా’ అన్నాడు. సూచిక నిజమే చెప్పింది; తప్పుడు పేరు పెట్టి దాన్ని నమ్మకుండా చేసుకున్నది నేను.

అందుకే సూచిక కట్టే ముందు పేర్లు విడదీయి. నీ సంగతి నాకు తెలుసు. బడికి పోయే రోజుల్లో నోటు పుస్తకాలన్నిటి మీదా ‘రఫ్’ అనే రాసుకుని, పరీక్ష ముందు రోజు ఏది ఏదో తెలియక నా ఒడిలో ఏడ్చినవాడివి. పేరు మార్చినప్పుడు డెఫ్ వరుసనూ మార్చు, లేకుంటే కొత్త పేరు సూచికలోకే రాదు. వాడుక ఒక్కటీ లేని పేరు కనబడితే అనుమానించు.

పండక్కి వచ్చేటప్పుడు సూచిక ముద్రించి తీసుకురా, కాస్త పెద్ద అక్షరాలతో. ఈసారి ప్రతి ముక్కా తెరిచే చూద్దాం.