భార్య చైనీయురాలు, ఆమెకు సోరియాసిస్ ఉంది: పుట్టబోయే బిడ్డ కోసం జన్యు పరీక్ష చేయించాలా?

మీరు చైనాలోని షెన్‌జెన్‌ నగరంలో ఉద్యోగం చేస్తున్నారు. మీ శ్రీమతి చైనాలో అత్యధికులైన హాన్ జాతి మహిళ, ఆమెకూ ఆమె తండ్రిగారికీ సోరియాసిస్ (చర్మం మీద పొలుసుల మచ్చలు లేచే జబ్బు) ఉంది, ఆమెకు ఇప్పుడు నాలుగో నెల. చైనావాళ్ళలో ఈ జబ్బుకు వేరే జన్యువులున్నాయని ఎక్కడో చదివి, ఆన్‌లైన్‌లో దొరికే పరీక్ష కిట్ కొనాలా అని అడిగారు. కొనవద్దనే నా సలహా. ఎందుకో చెబుతాను.

నేను ఎంబీబీఎస్ చదివింది చైనాలోని అన్‌హుయ్ ప్రావిన్స్‌లో. నాకూ ఇంటర్ రోజుల నుంచి సోరియాసిస్ ఉంది. గొంతునొప్పి తగ్గిన కొద్ది వారాలకే ఒళ్ళంతా ఎర్రటి చిన్న మచ్చలు లేచాయి. అందుకే చర్మవ్యాధుల విభాగంలో ఇంటర్న్‌గా ఉన్నప్పుడు రోగులు చెప్పేది మరింత శ్రద్ధగా వినేవాణ్ణి. మందు సంగతి తరువాత, ముందు వాళ్ళు అడిగేది 'ఇది పిల్లలకు వస్తుందా' అనే. పెళ్ళి సంబంధాల దగ్గర జబ్బును దాచడం మన ఊళ్ళలో ఎంతుందో అక్కడా అంతే ఉంది.

మీరు చదివినదాంట్లో కొంత నిజం ఉంది. హెఫెయ్‌లోని అన్‌హుయ్ వైద్య విశ్వవిద్యాలయానికి చెందిన జాంగ్ షుయేజున్ బృందం 2009లో హాన్ చైనీయుల జన్యువులను జల్లెడ పట్టి, ఒకటో క్రోమోజోమ్ మీద ఎల్‌సీఈ అనే జన్యువుల గుంపుకూ సోరియాసిస్‌కూ సంబంధం ఉందని చూపింది. చర్మపు పై పొరను కట్టడంలో పాలుపంచుకునే ప్రోటీన్లు వీటి నుంచే వస్తాయి. మరుసటి ఏడాది ఈఆర్‌ఏపీ1, జీజేబీ2 వంటి మరికొన్ని జన్యువులు జాబితాలో చేరాయి. కానీ అన్నిటికంటే బలమైన సంబంధం ఆరో క్రోమోజోమ్ మీద, రోగనిరోధక శక్తికి సంబంధించిన హెచ్‌ఎల్‌ఏ-సి జన్యువులోని 06:02 అనే రకానిది. అది చైనా సొత్తేమీ కాదు. యూరప్‌వాళ్ళలోనూ మనలోనూ సోరియాసిస్‌తో ముడిపడినది అదే. చిన్న వయసులో మొదలయ్యేవారిలో, కుటుంబంలో జబ్బు ఉన్నవారిలో ఎక్కువగా కనిపిస్తుంది. నాలాగా గొంతు ఇన్‌ఫెక్షన్ తరువాత మచ్చలు లేచే రకంలో కూడా దీని పాత్ర పెద్దది.

మరి పరీక్ష ఎందుకు వద్దంటున్నాను? ఈ 06:02 రకం జన్యువు ఉన్నవారిలో చాలామందికి జీవితాంతం సోరియాసిస్ రాదు. లేనివారిలో కొందరికి వస్తుంది. ఒకే జన్యువులతో పుట్టిన కవలల్లో కూడా ఒకరికి వచ్చి మరొకరికి రాని సందర్భాలు చాలానే ఉన్నాయి. చైనాలో ఆరు నగరాల్లో జరిగిన సర్వేలో తేలిన వ్యాప్తి 0.47 శాతం, అంటే వెయ్యికి ఐదుగురి లోపే. మోటు లెక్కే అనుకోండి, ఏదో జన్యువు వల్ల ఆ ముప్పు పది రెట్లయినా నూటికి ఐదు దాటదు. ఆ పరీక్ష ఫలితం చేతికొచ్చాక మీరు చేయగలిగేది మాత్రం ఏముంది? పుట్టినప్పటి నుంచి బిడ్డ మోచేతులు తడుముకుంటూ కూర్చోవడం తప్ప.

జన్యు పరీక్షకు నిజంగా విలువున్న సోరియాసిస్ రకం ఒకటుంది. ఒళ్ళంతా చీముపొక్కులు లేచి, జ్వరంతో మంచాన పడేసే పస్ట్యులర్ సోరియాసిస్. చైనా, జపాన్ రోగుల్లో దీనికి ఐఎల్36ఆర్ఎన్ జన్యువులోని ఒక ప్రత్యేక మార్పు తరచుగా కనిపిస్తుంది. తూర్పు ఆసియాకు ప్రత్యేకం అనదగ్గది ఏదైనా ఉంటే అది ఇదే. ఒంట్లో వాపును రగిలించే ఐఎల్-36 సంకేతాల దారిని అడ్డుకునే స్పెసోలిమాబ్ అనే ఇంజెక్షన్‌కు 2022లో అమెరికాలోనూ చైనాలోనూ అనుమతి వచ్చింది. మీ శ్రీమతికిగానీ మామగారికిగానీ అలాంటి పొక్కులు ఎప్పుడైనా లేచాయా అని అడగండి. లేచి ఉంటే కిట్ల జోలికి పోకుండా నేరుగా చర్మవ్యాధి నిపుణుల దగ్గరకు వెళ్ళండి, పరీక్ష ఎవరికి చేయాలో వాళ్ళే చెబుతారు. గర్భంతో ఉన్నప్పుడు ఈ రకం తిరగబెట్టవచ్చు, కాబట్టి ఆలస్యం వద్దు. మామూలు పొలుసుల మచ్చలే అయితే ఆ ఆలోచన వదిలేయండి.

మీ ప్రశ్నలో లేని సంగతి ఒకటి నన్ను ఎక్కువ కంగారు పెడుతోంది. ఆమె ఏ మందులు వాడుతున్నారు? సోరియాసిస్‌కు ఇచ్చే అసిట్రెటిన్, మెథోట్రెక్సేట్ గర్భంలో వాడకూడనివి. అసిట్రెటిన్ మానేశాక కూడా మూడేళ్ళ దాకా గర్భం వద్దంటారు. చైనాలో లెయ్‌గోంగ్‌టెంగ్ అనే మూలికతో చేసిన మాత్రలు సోరియాసిస్‌కు విరివిగా రాస్తారు. మూలికే కదా అనుకోవద్దు, గర్భిణులకు అది నిషిద్ధం, సంతానశక్తిని కూడా దెబ్బతీస్తుంది. 'వేళ్ళతో సహా పెకలిస్తాం' అని ప్రకటనలిచ్చే వైద్యుల పొట్లాల్లో ఏముంటుందో ఆ దేవుడికే తెలియాలి, ఈ విషయంలో వాళ్ళూ మనవాళ్ళూ ఒకటే. గర్భిణికి మాయిశ్చరైజర్లు, డాక్టరు చెప్పిన తేలికపాటి స్టెరాయిడ్ పూతమందు, అవసరమైతే నారోబ్యాండ్ యూవీబీ అనే అతినీలలోహిత కాంతి చికిత్స చాలావరకు సరిపోతాయి.

కిట్ కోసం పక్కన పెట్టిన డబ్బుతో ఈ వారమే చర్మ వైద్యుల అపాయింట్‌మెంట్ తీసుకోండి. గత మూడేళ్ళలో ఆమె వాడిన మందుల పెట్టెలు, చీటీలు అన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్ళండి, ప్రసూతి వైద్యులకు కూడా చూపించండి.