కర్ణికలనూ చూడు చిన్నీ

చిన్నీ,

ఒకటో తారీఖు నుంచి గుండె ఆసుపత్రిలో ఎకో, అంటే గుండె స్కానింగ్, తీసే టెక్నీషియన్‌గా చేరుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషం పట్టలేక వీధిలో కనపడిన వాళ్లందరికీ చెప్పేశాను, రాత్రి పడుకున్నాక మాత్రం టెన్షన్ మొదలైంది. కార్డియాలజీ వార్డులో నర్సుగా ముసలిదాన్నైన మీ పెద్దమ్మ భయం నీకు తెలియంది కాదు, అందుకే రాస్తున్నాను.

పేషెంట్‌ని ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టు. జెల్ చల్లగా ఉంటుందని ముందే చెప్పు. ఆడవాళ్లయితే తెర లాగి, దుప్పటి కప్పి, అప్పుడు మొదలుపెట్టు.

నాలుగు గదులూ ఒకేసారి కనిపించే బొమ్మలో గుండె తలకిందులుగా ఉంటుంది, మొన పైకి, పై గదులైన కర్ణికలు కిందికి, పేషెంట్ ఎడమ నీకు కుడి వైపు. తికమకైతే కవాటాలు చూసుకో, గుండె కుడి పక్క, అంటే బొమ్మలో నీకు ఎడమ పక్క, ఉండే త్రిపత్ర కవాటం ద్విపత్ర (మైట్రల్) కవాటం కంటే కాస్త మొన వైపుకి జరిగి ఉంటుంది. కింది గదులైన జఠరికల్లో ఎడమదాని గోడ కుడిదానికి దాదాపు మూడింతల మందం. రెండూ ఒక్కో దెబ్బకి దాదాపు 70 మిల్లీలీటర్ల రక్తమే పంపుతాయి కానీ కుడిది పక్కనే ఉన్న ఊపిరితిత్తులకి 25 దగ్గర ప్రెషర్‌తో తోస్తే చాలు, ఎడమది ఒళ్లంతటికీ 120తో తొయ్యాలి. అందుకే అందరి కళ్లూ ఎడమ జఠరిక మీదే. నా భయమంతా అక్కడే.

మా వార్డుకి ఒక అమ్మాయి వచ్చింది, ఇరవై రెండేళ్లుంటాయేమో, తొలి కాన్పు, నాలుగో నెల. మెట్లెక్కితే ఆయాసం. రక్తం తక్కువ అన్నారు, ఐరన్ మాత్రలు ఇచ్చారు, ఎందుకైనా మంచిదని ఎకోకి పంపారు. ఓపీ అయిపోయే వేళ, బయట ఇంకా క్యూ. ఎకో తీసినతను పని బాగా తెలిసినవాడే, ఎడమ జఠరిక చూశాడు, పంపింగ్ (నిండిన రక్తంలో బయటికి తోసేది) 60 శాతం, నార్మల్ అని రాసి పంపేశాడు. ఆ అంకె అబద్ధం కాదు తల్లీ, నిజంగానే ఆ జఠరిక బాగుంది. జబ్బు దానికి ముందున్న కవాటంలో ఉంది, దెబ్బ ఆ వెనక గది ఎడమ కర్ణికకి. చిన్నప్పుడు గొంతు నొప్పి, ఆ తర్వాత కీళ్లవాతం జ్వరం వచ్చి పోయిందట, అది మైట్రల్ కవాటాన్ని గట్టిపరిచి అతికించేసింది. తూము పట్టేస్తే చెరువు నిండి వెనక శిఖం పొలాలు మునుగుతాయి చూడు, అలా ఎడమ కర్ణిక ఉబ్బి, రక్తం ఊపిరితిత్తుల్లోకి వెనక్కి తంతోంది. గర్భంలో నెలలు నిండేకొద్దీ ఒంట్లో రక్తం దాదాపు సగం పెరుగుతుంది, గుండె వేగమూ పెరిగి కర్ణిక ఖాళీ అయ్యే వ్యవధి తగ్గిపోతుంది. ఏడో నెలలో ఒక రాత్రి తీసుకొచ్చారు, పడుకోలేదు, కూర్చోలేదు, దగ్గితే గులాబి రంగు నురగ. మళ్లీ ఎకో తీస్తే 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు తెరుచుకోవాల్సిన కవాటం 1 కూడా తెరుచుకోవడం లేదు. బెలూన్‌తో తెరిచారు. తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు. ఆ పిల్ల ఒకటే అడిగింది నన్ను, అప్పుడు పరీక్ష చేశారు కదమ్మా, అని.

నీకు చిన్నప్పటి నుంచీ తొందరెక్కువ, లెక్క సరిగ్గా చేసి చివరి పేజీ తిప్పకుండా పేపరిచ్చి వచ్చేదానివి, ఎన్నిసార్లు తిట్టానో. ఇక్కడ అలా కుదరదు. పంపింగ్ శాతం బాగుందని ప్రోబ్ ఎత్తేయకు. ఎడమ కర్ణిక సైజు కొలిచి చూడు, మైట్రల్ రెక్కలు పూర్తిగా విచ్చుకుంటున్నాయో లేదో చూడు, గుండె లయ తప్పినవాళ్లయితే కర్ణికలో గడ్డ ఉందేమోనని అనుమానించి డాక్టరుకి చెప్పు. ఆయాసంతో వచ్చిన చిన్న వయసు వాళ్లని, గర్భిణులని మరీ, చిన్నప్పుడు కీళ్ల నొప్పులతో జ్వరం వచ్చిందా, మూడు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్లు వేయించుకున్నారా అని అడుగు. సంతకం డాక్టరుదే, కానీ నువ్వు తియ్యని బొమ్మ ఆయనకి కనపడదు. సీనియర్ తొందరపెడితే ఇంకొక్క నిమిషం సార్ అను, తిడితే పడు, ఏం కాదు.

టిఫిన్ తినకుండా వెళ్లకు, చీకటి గదిలో నిలబడితే కళ్లు తిరుగుతాయి. నువ్వు ఈ పనికి తగినదానివే బంగారం, నీ చేతి నిదానం మీ అమ్మమ్మది. ఆదివారం ఫోన్ చెయ్యి, నాలుగు గదులూ సరిగ్గా కుదరడానికి ఎంతసేపు పడుతోందో చెప్పు.

మీ పెద్దమ్మ