పోలీసులా, ఉపాధా? షికాగోకు కొత్తగా వస్తున్న మనవాళ్లకు

సందేహం: ఆగస్టులో షికాగోలో ఎమ్మెస్‌కి చేరుతున్నాను. క్యాంపస్ సౌత్ సైడ్‌లో ఉంది. వాట్సాప్ గ్రూపుల్లో కొందరు "పోలీసులు తగ్గిపోయారు, అందుకే ఈ కాల్పులు" అంటున్నారు. ఇంకొందరు "పోలీసులతో ఏమీ కాదు, ముందు పేదరికం పోవాలి" అంటున్నారు. ఏది నిజమండీ? రూము ఎక్కడ చూసుకోమంటారు?

జవాబు: మీ రెండు ప్రశ్నలకూ మూలం ఒక్కటే. కాల్పులు ఊరంతా జరగవు. షికాగోలో 77 ఏరియాలుంటే, హత్యల్లో పెద్ద వాటా సౌత్, వెస్ట్ సైడ్‌లలోని కొన్నింటిదే. వాటిలోనూ కొన్ని బ్లాకులదే. ఆ బ్లాకుల్లోనూ పగలు పెంచుకున్న కొద్దిమంది కుర్రాళ్లదే. 2021లో ఊళ్లో సుమారు 800 హత్యలు జరిగాయి, 2024లో 573 జరిగాయి, 2025లో ఇంకా తగ్గాయి. ప్రతి పార్టీ ఈ తగ్గుదల తన ఘనతే అంటుంది. డబ్బు పోలీసులకు పెట్టినా, పిల్లల ఉపాధికి పెట్టినా, ఆ కొద్ది చోట్లకూ ఆ కొద్దిమందికీ చేరినప్పుడు ఫలితం వచ్చింది. ఊరంతా తలా కొంచెం పంచినప్పుడు అంతగా రాలేదు.

ముందు పోలీసుల సంగతి. 1972లో కాన్సాస్ సిటీలో ఒక ప్రయోగం మొదలుపెట్టారు. కొన్ని బీట్లలో (పోలీసుల గస్తీ పరిధుల్లో) గస్తీ కార్లను రెండు మూడు రెట్లు పెంచారు, కొన్నింటిలో మామూలు గస్తీ పూర్తిగా ఆపేశారు, మిగతావాటిని యథాతథంగా ఉంచారు. ఏడాది తర్వాత చూస్తే నేరాల్లో తేడా లేదు. కార్లు పెరిగాయనో తగ్గాయనో జనం గమనించనే లేదు. 2009 వేసవిలో ఫిలడెల్ఫియా వేరే దారి పట్టింది. హింస ఎక్కువగా ఉన్న 60 చిన్న చిన్న చోట్లు ఎంచి, అక్కడ పోలీసులను జంటలుగా కాలినడకన తిప్పింది. గస్తీ పెట్టని అలాంటివే మరో 60 చోట్లతో పోలిస్తే హింసాత్మక నేరాలు 23 శాతం తగ్గాయి. గస్తీ ఎత్తేశాక ఆ లాభమూ నిలవలేదు.

పోలీసుల సంఖ్య పెంచడం వల్ల ఉపయోగం లేదనడమూ తప్పే. 242 అమెరికన్ నగరాల 38 ఏళ్ల లెక్కలు తీసి చూసిన అధ్యయనం ఒకటుంది. అదనంగా 10 నుంచి 17 మంది పోలీసులను పెడితే ఏడాదికి ఒక ప్రాణం నిలుస్తోందని, జనాభా నిష్పత్తిలో చూస్తే నల్లజాతీయులకు ఆ లాభం రెట్టింపని అందులో తేలింది. చిల్లర నేరాలకు అరెస్టులు పెరుగుతాయని, ఆ భారం కూడా వాళ్ల మీదే ఎక్కువగా పడుతుందని అదే అధ్యయనం చెప్పింది. మొదటి సగం ఒకరు, రెండో సగం ఇంకొకరు ఫార్వర్డ్ చేస్తుంటారు. రెండూ కలిపి చదవండి.

నా అభిప్రాయంలో షికాగో పోలీసుల పెద్ద లోపం దర్యాప్తులో ఉంది. తూటా తగిలి బతికినవాళ్ల కేసుల్లో ఏళ్ల తరబడి పదింట ఒకటి కూడా అరెస్టు దాకా రాలేదు. కాల్చినవాడు అదే వీధిలో తిరుగుతుంటే సాక్షి నోరు ఎలా విప్పుతాడు? కేసు తేలకపోతే దెబ్బతిన్నవాడి స్నేహితులే లెక్క తేల్చుకోవడానికి బయలుదేరతారు. వారం తిరక్కుండానే మళ్లీ కాల్పులు. అందుకే ఎంతమంది కొత్త పోలీసులు అనేదానికంటే, డిటెక్టివ్‌లకూ సాక్షుల రక్షణకూ ఎంత వెళ్తోంది అన్నది ముఖ్యమైన ప్రశ్న.

ఇక రెండో వైపు. 2012 వేసవిలో షికాగోలో హింస ఎక్కువున్న 13 హైస్కూళ్ల నుంచి దరఖాస్తు చేసిన 1,634 మంది పిల్లలను లాటరీతో రెండుగా విడదీశారు. పేరు వచ్చినవాళ్లకు 8 వారాల పాటు వారానికి 25 గంటలు, కనీస వేతనం, పని దగ్గర తోడుగా ఒక పెద్ద మెంటర్. కొందరికి 15 గంటలు పని, మిగతా 10 గంటలు కోపాన్ని, గొడవలను ఎలా సంభాళించుకోవాలో నేర్పే తరగతి. 16 నెలల్లో హింసాత్మక నేరాలకు జరిగిన అరెస్టులు మిగతావాళ్లలో కంటే 43 శాతం తక్కువ. ఆ తగ్గుదలలో ఎక్కువ భాగం 8 వారాలూ అయిపోయాకే కనిపించింది, అంటే పిల్లలు పనిలో తీరిక లేకుండా ఉండటం ఒక్కటే కారణం కాదు. దొంగతనాలు మాత్రం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. ఒక్క పథకంతో అన్నీ పోతాయని ఎవరైనా చెబితే ఈ చివరి మాట గుర్తుచేయండి.

ఇదే ఊళ్లో బికమింగ్ ఎ మ్యాన్ అని ఇంకో కార్యక్రమం ఉంది, స్కూలు వేళల్లోనే మగపిల్లలకు నడుపుతారు. మొదటి పాఠాల్లో ఒకటి ఇలా ఉంటుంది. ఇద్దరేసి పిల్లల్ని జంటలు కట్టి ఒకడి చేతికి బంతి ఇస్తారు. 30 సెకన్లలో అది తీసుకోమని రెండోవాడికి చెబుతారు. దాదాపు అందరూ గుప్పిట విప్పదీయడానికి పెనుగులాడతారు. అప్పుడు మెంటర్ అడుగుతాడు: "బంతి ఇవ్వమని ఒక్కరైనా అడిగారా?" అడిగితే ఇచ్చేసేవాణ్ణే, బంతే కదా అంటారు పట్టుకున్నవాళ్లు. ఎదుటివాడి మనసులో ఏముందో నిర్ధారించుకోకుండా చెయ్యెత్తే అలవాటు మీద అంత సూటిగా పనిచేస్తుందది. కార్యక్రమం నడిచినంతకాలం హింసాత్మక నేరాల అరెస్టులు 45 నుంచి 50 శాతం తగ్గాయి. ఆపేశాక ఆ తేడా నిలవలేదు. ఫిలడెల్ఫియా గస్తీకి జరిగిందే దీనికీ జరిగింది. ఏడాది గ్రాంటుతో మొదలుపెట్టి మరుసటేడు మూసేసే పథకాల మీద నాకు నమ్మకం లేకపోవడానికి కారణం ఇదే.

మన గ్రూపుల్లో ఎవరూ మాట్లాడనిది, నన్ను అన్నిటికంటే ఒప్పించినది, ఖాళీ స్థలాల ప్రయోగం. ఫిలడెల్ఫియాలో పిచ్చిమొక్కలు, చెత్త పేరుకున్న 541 స్థలాలు ఎంచి, లాటరీలో పేరొచ్చిన చోట్ల చెత్త ఎత్తి, నేల చదును చేసి, గడ్డి, నాలుగు చెట్లు వేసి, చుట్టూ లోపలికి దారి వదిలి చిన్న కొయ్య కంచె కట్టారు. తర్వాత క్రమం తప్పకుండా గడ్డి కోశారు. బాగా పేద పేటల్లో తుపాకీ హింస 29 శాతం తగ్గింది. పొదల్లో తుపాకి దాచే వీలు పోయింది, జనం బయట కూర్చోవడం మొదలైంది. న్యూయార్క్ ప్రభుత్వ హౌసింగ్ కాంప్లెక్సుల్లో పెద్ద లైట్ల స్తంభాలు పెట్టినప్పుడు కూడా రాత్రిపూట ఆరుబయట జరిగే తీవ్ర నేరాలు 36 శాతం తగ్గాయి.

రూము దగ్గరికి వద్దాం. ఏరియా సేఫేనా అని రియల్టర్‌ను అడిగితే సూటిగా చెప్పరు, ఇళ్ల విషయంలో వివక్షను నిషేధించే ఫెయిర్ హౌసింగ్ చట్టానికి భయపడతారు. మీరే షికాగో డేటా పోర్టల్ (నగర ప్రభుత్వ సమాచార వెబ్‌సైటు) తెరిచి, 2001 నుంచి ఉన్న నేరాల పట్టికలో గత 12 నెలలు ఎంచుకోండి. అడ్రసులో చివరి రెండు అంకెలు దాచి "035XX S" అని ఉంటుంది, అంటే దక్షిణాన 3500 నంబరు బ్లాకు, 35వ వీధి దగ్గర. మొత్తం నేరాల సంఖ్య చూసి కంగారుపడొద్దు. హోమిసైడ్, రాబరీ, తీవ్రమైన బ్యాటరీ (అంటే కొట్టడం, దాడి) మాత్రం ఉంచండి. డొమెస్టిక్ అన్న గడిలో "ట్రూ" ఉన్నవి ఇంటి గొడవలు, వీధి భయం అంచనాకు వాటిని తీసేయండి. తర్వాత టైము, చోటు గడులు చూడండి. రాత్రి పది తర్వాత మీరు రైలు దిగి నడిచే దారిలో ఎన్ని జరిగాయన్నదే మీకు కావాల్సింది. చివరి వారం రోజుల వివరాలు అందులో ఉండవు. డౌన్‌టౌన్‌లో దొంగతనాలు ఎక్కువగా కనిపిస్తాయి, అక్కడికి రోజూ వచ్చిపోయే జనం అంత.

మన విద్యార్థులు ఈ దేశంలో ప్రాణాలు పోగొట్టుకున్న చోట్లలో గ్యాస్ స్టేషన్ కౌంటర్ ఒకటి. ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద అనుమతి లేకుండా బయట పనిచేయడం స్టేటస్‌కే ముప్పు, ఆ మాట మీకు తెలిసే ఉంటుంది. అంతకుమించిన ప్రమాదం, రాత్రి షిఫ్టులో ఒంటరిగా క్యాష్ దగ్గర నిలబడటం. అనుమతితో చేస్తున్నా సరే, చేరేముందు మూడు చూడండి: డ్రాప్ సేఫ్ (డబ్బు లోపల వేయడమే తప్ప కౌంటర్‌లో ఉన్నవాళ్లు తీయలేని పెట్టె) ఉందా, రాత్రి ఇద్దరు ఉంటారా, కిటికీలకు పోస్టర్లు అంటించకుండా లోపల ఏం జరుగుతోందో బయటికి కనిపిస్తుందా. దోపిడీ జరిగితే డబ్బు ఇచ్చేయండి, వెంటపడకండి, తలుపు వేసుకుని 911కి ఫోన్ చేయండి. వచ్చిన ఆఫీసర్ దగ్గర ఆర్‌డీ నంబరు (పోలీసు రిపోర్టు నంబరు) రాయించుకోండి, తర్వాత ప్రతి పనికీ అదే కావాలి. స్టేటస్ భయంతో ఫిర్యాదు మానుకోవద్దు. తీవ్ర నేరాల బాధితులు దర్యాప్తుకు సహకరిస్తే యూ వీసా అనే మార్గం ఉంది, ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగండి.

చేరాక మీ బీట్ మీటింగ్‌కి (పోలీసులు, ఆ ప్రాంతం జనం కలిసే సమావేశానికి) ఒకసారి వెళ్లండి, పౌరసత్వం అక్కర్లేదు. 22 పోలీసు డిస్ట్రిక్టుల్లోనూ 2023 నుంచి ప్రజలు ఎన్నుకున్న ముగ్గురేసి సభ్యుల కౌన్సిళ్లు ఉన్నాయి, వాళ్ల సమావేశాల్లో కూడా ఎవరైనా మాట్లాడొచ్చు. మా బ్లాకులో కాల్పుల కేసులు ఎన్ని తేలాయి, వేసవి ఉద్యోగాలు ఎంతమంది పిల్లలకు వచ్చాయి అని అడగండి. వీధి దీపం వెలగకపోతే నగర సేవల నంబరు 311కి చెప్పి రిక్వెస్ట్ నంబరు తీసుకోండి. పని కాకపోతే అదే నంబరుతో మీ వార్డు ఆల్డర్మన్ (నగర కౌన్సిల్ సభ్యుడు) ఆఫీసుకు మెయిల్ పెట్టండి.