డిగ్రీ సంగతి తర్వాత, ముందు మీ అక్కతో మాట్లాడు

ప్రశ్న: మాది రాయచోటి దగ్గర పల్లె. బెంగళూరులో బీబీఏ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. మారతహళ్ళి దగ్గర మున్నేకొళాలలో అక్క అద్దెకు తీసుకున్న ఇంట్లోనే ఉంటాను. అక్కకి 29, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నా ఫీజులన్నీ తనే కట్టింది. బీటెక్ చేసిన మా పెదనాన్న కొడుకు, బీబీఏ చదివితే దారులన్నీ మూసుకుపోయినట్టే అంటున్నాడు. ఒక కన్సల్టెన్సీవాళ్ళు మేనేజ్‌మెంట్ కోటాలో ఎంబీఏ సీటుంది, 12 లక్షలవుతుందన్నారు. తాత ఇచ్చిన పొలం ఉంది గానీ దాని జోలికి వెళ్ళనని, అక్క పేరు మీద పర్సనల్ లోన్ తీయిద్దామని నాన్న అంటున్నాడు. నేను సెటిలయ్యాకే అక్క పెళ్ళి చూద్దామనుకున్నారు. అక్క ఏమీ అనదు. పొద్దున్నే లేచి నాకు క్యారేజీ కట్టి క్యాబ్ ఎక్కుతుంది. బీబీఏ చేసి తప్పు చేశానా? ఎంబీఏ లేకపోతే నాకు భవిష్యత్తు లేదా?

జవాబు: నాయనా, నువ్వడిగినదానికి ముందే చెప్పేస్తాను, అది పెద్ద విషయం కాదు గనక. బీబీఏతో ఇంజనీరువీ డాక్టరువీ కాలేవు, ఎంటెక్ చేయలేవు. పోయినవి అవే. సివిల్స్, గ్రూప్ 2, బ్యాంకు పీవో, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకి రాసే ఎస్సెస్సీ సీజీఎల్, వీటన్నిటికీ ఏదో ఒక డిగ్రీ ఉంటే చాలు. లాయరు కావాలనుంటే మూడేళ్ళ లా ఉంది. సీఏ మీద మనసుంటే, కామర్స్ పేపర్లు చదివి 55 శాతం తెచ్చుకున్నవాళ్ళు మొదటి మెట్టయిన ఫౌండేషన్ రాయకుండా నేరుగా సీఏ రెండో మెట్టు ఇంటర్మీడియట్‌లో చేరొచ్చు. బన్నేరుఘట్ట రోడ్డులో ఉన్న ఐఐఎంకి కూడా నువ్వు ఏ డిగ్రీ చదివావన్నది అడ్డం కాదు. 50 శాతం మార్కులుంటే దాని ప్రవేశ పరీక్ష క్యాట్ రాయొచ్చు. ఈ ఏడు కాకపోతే పై ఏడు. మీ పెదనాన్న కొడుకు మాటకి అంత బెదిరిపోనక్కర్లేదు.

ఇక అసలు సంగతి. నీ ఉత్తరంలో నన్ను పట్టి ఆపింది డిగ్రీ కాదు, "అక్క ఏమీ అనదు" అన్న ఆ చిన్న మాట. ఏమీ అనకపోవడం ఒప్పుకోవడం ఎలా అయింది? మీరెవరైనా తనని ఒక్కసారన్నా అడిగారా? సీటు ఎంతో, నీ పెదనాన్న కొడుకు ఏమన్నాడో, అన్నీ వివరంగా రాశావు. నీకు క్యారేజీ కట్టి వెళ్ళే మనిషి ఏమనుకుంటోందో మాత్రం ఒక్క ముక్క రాయలేదు. నీకు తెలియదు గనకే రాయలేదు. మూడేళ్ళుగా ఒకే కప్పు కింద ఉంటున్నారు, బాబూ.

మీ నాన్న చెప్పిన లోన్ లెక్క ఒకసారి కాగితం మీద వేసి చూడు. 12 లక్షలు, 12 శాతం వడ్డీ, ఐదేళ్ళు అనుకుందాం. నెలకి 26 వేలు దాటుతుంది. పర్సనల్ లోన్ గనక నువ్వు క్లాసుకి వెళ్ళడం మొదలుపెట్టకముందే మీ అక్క జీతంలోంచి కోత మొదలవుతుంది. అది తీరేసరికి తనకి 34. నీకు ఉద్యోగం వస్తుంది, నువ్వు కడతావు, నిజమే అనుకుందాం. కాగితం మీద మాత్రం అప్పు ఆమెదే. రేపు సంబంధం కుదుర్చుకోవడానికి వచ్చినవాళ్ళు అమ్మాయి మీద ఈఎంఐలు ఏమన్నా ఉన్నాయా అని అడుగుతారు. అప్పుడు ఆ గదిలో తల వంచుకుని కూర్చోవలసింది ఎవరు?

పొలం మాటకొస్తే మీ నాన్న బాధ నాకు తెలుసు. సీమలో వానకి ఎదురుచూసి చేసిన సేద్యం, తండ్రి చేతిలోంచి వచ్చిన భూమి, దాన్ని తాకట్టు పెట్టడమంటే ఊళ్ళో తలెత్తుకోలేననుకుంటాడు. ఆయన్ని తప్పుపట్టను. కానీ ఆ పొలాన్ని ఎవరి కోసం దాస్తున్నారు? చాలా ఇళ్ళలో కొడుకు కోసమే దాస్తారు, మీ ఇంట్లో కూడా అంతేననుకుంటాను. తాతల నాటి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా వాటా ఉందని ఆంధ్రలో 1985 నుంచీ, దేశమంతటా 2005 నుంచీ చట్టం చెబుతోంది. అంటే పొలంలో వాటా ఉన్న అమ్మాయి సంపాదనతో కొడుకుని చదివించి, ఆ పొలాన్ని మాత్రం కొడుకు పేరుకి భద్రంగా ఉంచుతున్నారు. మీ ఇంట్లో ఎవరూ ఇంత మోటుగా ఆలోచించి చేసి ఉండరు. అయినా జరుగుతున్నది ఇదే. ఇది నాకు మింగుడుపడలేదు, నీకూ పడకూడదు.

తమ్ముణ్ణి చదివించడం అక్క ధర్మమని మన ఇళ్ళలో అంటారు. నేనూ ఒప్పుకుంటాను, డిగ్రీ దాకా. మీ అక్క ఆ ధర్మం నూటికి నూరుపాళ్ళూ నెరవేర్చింది. ఇక్కడి నుంచి మొదలయ్యేది నీ ధర్మం. ఇరవయ్యేళ్ళు దాటిన మగపిల్లాడు, చేతిలో డిగ్రీ ఉన్నవాడు, అక్క పెళ్ళి వాయిదా వేయించి పై చదువుకి వెళ్ళకూడదని నా గట్టి నమ్మకం. పాతకాలపు మాట అనుకున్నా ఫరవాలేదు.

ఎంబీఏ మానేయమనడం లేదు. ఈ పద్ధతిలో వద్దంటున్నాను. డిగ్రీ అయిపోగానే ఉద్యోగంలో చేరు. మాన్యతా టెక్ పార్కులోనో వైట్‌ఫీల్డ్‌లోనో బ్యాంకుల ఆపరేషన్స్ పనులకీ, రిక్రూట్‌మెంట్‌కీ, సేల్స్‌కీ బీబీఏ వాళ్ళని తీసుకుంటూనే ఉంటారు. మొదటి జీతం చిన్నదే. అందులోంచి అద్దెలో సగం నువ్వు కట్టు. రెండేళ్ళు పనిచేసి, క్యాట్‌కో ఐసెట్‌కో చదువుకుని, మంచి కాలేజీలో సీటొస్తే ఎడ్యుకేషన్ లోన్ నీ పేరు మీద తీసుకో. మామూలుగా ఏడున్నర లక్షల దాకా ఆస్తి తాకట్టు అడగరు. కోర్సు అయ్యాక మరో ఏడాది దాకా ఈఎంఐ మొదలవదు. కో-అప్లికెంట్‌గా మీ నాన్న సంతకం పెట్టాలి, అక్క కాదు. ఆ మాట ఆయనకి నువ్వే చెప్పాలి. మీ అమ్మ చేత చెప్పించకు, అక్క చేత అసలే చెప్పించకు.

దానికన్నా ముందు ఈ ఆదివారం అక్కని వంట చేయనివ్వకు. నువ్వు చెయ్యి, పప్పూ అన్నమైనా సరే. తిన్నాక ఫోను పక్కన పెట్టి, పెళ్ళి గురించి ఏమనుకుంటున్నావని అడుగు. తనకి ఇప్పుడే చేసుకోవాలని లేదేమో, మనసులో ఎవరన్నా ఉన్నారేమో, ఇంకా పై చదువు చదవాలనుందేమో. అది తనిష్టం. "నాదేముందిలే, నువ్వు బాగుపడితే చాలు" అంటుంది మొదట. మన ఆడపిల్లలకి అలవాటైన మాట అది. అక్కడితో లేచిపోవద్దు, మళ్ళీ అడుగు. లోన్ సంగతి కూడా ఆమె ముందే తీసి, నీ పేరు మీద ఆ అప్పు వద్దక్కా అని నువ్వే అను. ఆ రాత్రే నాన్నకి ఫోన్ చేసి, ఆ కన్సల్టెన్సీకి అడ్వాన్సు కట్టొద్దని చెప్పు.